పునాదికి బరువొక్కటేనా?

నేను బి.యస్సీ. విద్యార్థిని. పునాదుల గురించి రాయడానికి నీకేం అధికారమని సివిల్ ఇంజనీరింగు మిత్రులు అడగవచ్చు. కిందటి వేసవిలో మా ఊళ్ళో మా ఇంటి పునాది గుంటలో దిగి టేపు పట్టినవాణ్ణి. అంతే నా అధికారం.

మా ఇంటి ముందు పిల్లరు మీద మేడవరండా ఒక పక్కకే చాచి ఉంటుంది. మాకిచ్చిన లెక్కలో ఆ పిల్లరుకు బరువు మాత్రమే వేశారు, మొమెంటు వెయ్యలేదు. బండిలో బస్తాలన్నీ ఒకే పక్కకు సర్దితే ఇరుసు ఏ పక్క మూలుగుతుందో మా పాలేరుకు కూడా తెలుసు. బస్తాలు అవే, బరువూ అదే!

పిల్లరు కిందికి తోస్తుంది, నేల పైకి తోస్తుంది. మధ్యనున్న ఫుటింగు పలచనైతే పిల్లరు దాన్ని పొడుచుకుని దిగిపోతుంది. ఇదే పంచింగ్ షియర్. 1995లో సియోల్‌లో సాంపూంగ్ దుకాణాల భవనం కూలి 502 మంది పోయారు. అక్కడ స్తంభాలు పొడిచింది పునాదిని కాదు, కప్పును. జబ్బు మాత్రం ఇదే.

ఇక లెక్క. పిల్లరు 300 మి.మీ. చదరం, ఫుటింగు 1.8 మీటర్ల చదరం, పనికొచ్చే లోతు 250 మి.మీ., కాంక్రీటు ఎం-20. భద్రతా గుణకం కలిపి బరువు 600 కిలోన్యూటన్లు, మొమెంటు 60 కిలోన్యూటన్ మీటర్లు. ఐ.ఎస్. 456 (2000) ప్రకారం పిల్లరు అంచునుంచి సగం లోతు దూరాన చుట్టూ గీత గీసి అక్కడ షియర్ చూడాలి. 20 వర్గమూలంలో నాలుగో వంతు, అంటే చదరపు మి.మీ.కు 1.12 న్యూటన్లు హద్దు. గీతలోపల నేల తోసేది తీసేస్తే, బరువువల్ల వచ్చేది 0.99. పాసు! కాని చదరపు పిల్లరుకు మొమెంటులో 40 శాతం షియర్‌గానే దిగుతుంది. దానివల్ల బరువు మొగ్గిన పక్కన మరో 0.23 కలుస్తుంది. మొత్తం 1.22. ఫెయిలు.

లోతు 300 చేస్తే 0.90కి దిగింది. రెండంగుళాలు! అదనంగా పట్టే సిమెంటు బస్తాన్నర లోపే.

ఆ 0.23 తేల్చడానికి కావలసింది మనం మార్కులకోసం బట్టీపట్టే జడత్వ భ్రామకమే. కడ్డీకీ పళ్ళేనికీ దాన్ని రాబట్టాం గాని, అది మన ఇంటికిందే ఉందని ఏ క్లాసులోనూ వినలేదు. లెక్చరర్లు కోప్పడకపోతే ఒక మాట: ప్రాక్టికల్సులో ఫ్లైవీలు తిప్పించే రోజుల్లో ఒక్కరోజు మమ్మల్ని పునాది గుంట దగ్గరికి తీసుకెళ్ళండి. సెలవులకు ఊరెళ్ళే మిత్రులు కూడా ప్లాను కనిపిస్తే మొమెంటు ఎంత వేశారని అడగాలి.

“నలభై ఏళ్ళుగా కడుతున్నాను, ఒక్కటీ కుంగలేదు బాబూ” అన్నాడు మేస్త్రీ. నిజమే కావచ్చు. ఆయన కట్టినవన్నీ నిటారు గోడల పెంకుటిళ్ళు, చాచిన మేడవరండాలు కావు. నాన్న నా కాగితం తిరగేసి చూసి, “రెండంగుళాలకింత రాతా?” అని నవ్వి, సిమెంటు తెప్పించాడు.

మేస్త్రీ మాత్రం ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.