సరుకుకు గాలిదిండు - కూలికి గుడ్డపేలిక

ఇప్పుడు పల్లెలకూ పార్సిళ్లు వస్తున్నాయి. అట్టపెట్టె విప్పితే వస్తువు చుట్టూ ప్లాస్టిక్ గాలిదిండ్లు. లోపల గాలి తప్ప ఏమీ లేదు. పెట్టె కిందపడినా దెబ్బ గాలిదిండు తింటుంది, గాజుగిన్నె పగలదు. మంచిదే. మేం అడిగేది ఒక్కటే. గిన్నెకు దెబ్బ తగలకూడదని ఇంత ఆలోచించిన లోకం, దాన్ని మోసే మనిషి నడుము గురించి ఎందుకు ఆలోచించలేదు?

1957లో అమెరికాలో ఫీల్డింగ్, షవాన్ అనే ఇద్దరు గోడలకు అంటించే కాగితం చేయబోతే గాలిబుడగల ప్లాస్టిక్ తయారైంది. ఐబీఎం కంప్యూటర్లకు దాన్ని చుట్టి పంపారు. వ్యాపారం పెరిగింది, పెద్ద కంపెనీ అయింది. గాలిని సంచిలో పట్టి పనిచేయించడం మనకు కొత్తా? కొలిమితిత్తికి తోలు ఊనిందీ, కపిలబాన కుట్టిందీ మాదిగలే. ఊరి వ్యవసాయం ఆ తోలు మీదే నడిచింది. మనకు దక్కింది మాత్రం అంటరానితనం.

గుంటూరు మిర్చి సంగతి చూడండి. కాయ విరిగితే రేటు పడుద్ది. అందుకని నీళ్లు చల్లి మెత్తబరిచి గోతాల్లో తొక్కుతారు. రంగు పోకుండా కోల్డ్ స్టోరేజీలో దాస్తారు. కాయకున్న ఈ మర్యాద కోసే చేతికి లేదు. చేలో కోసేదీ, కల్లంలో తాలు ఏరేదీ, గోడౌన్లో తొడిమలు తీసేదీ ఎక్కువమంది మన వాడల ఆడోళ్లే. చేతుల మంటకు రాత్రి పసిబిడ్డను తాకాలన్నా భయమే. ఘాటుకు అడ్డం కట్టుకునేది పాత చీర పేలిక.

పత్తి సంగతీ అంతే. 170 కిలోల బేలును ప్రెస్సులో ఒత్తి జాగ్రత్తగా కట్టు కడతారు. జిన్నింగు మిల్లులో ఎగిరే దూది దుమ్ము మాత్రం కూలీల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ జబ్బు పేరు బిసినోసిస్. 1948 ఫ్యాక్టరీల చట్టమే దాన్ని జబ్బుల జాబితాలో రాసింది. జాబితాలో జబ్బుంది, కూలి మొహానికి మాస్కేదీ?

ఇది కూలి సమస్య, కులం ఎందుకు తెస్తారని కొందరంటారు. ఏ ఒళ్లు చవకో, ఏ ఒళ్లు విలువైందో ఈ దేశంలో నిర్ణయించింది కులమే గనక తెస్తున్నాం. తాగే నీళ్లు మురికి చేయొద్దని అడిగిన దగ్గర మొదలైన గొడవ 1985 జూలై 17న కారంచేడులో హత్యాకాండ అయింది. 1991 ఆగస్టు 6న చుండూరు. దళితులు తమ ఒంటికీ విలువుందని అడగడమే ఇక్కడ నేరమైంది.

అడిగితే మారదా? ప్లాస్టిక్ చెత్త మీద జనం గోల చేశాక అమెజాన్ కంపెనీ 2024 జూన్‌లో ఉత్తర అమెరికాలో 95 శాతం గాలిదిండ్లు తీసేసి కాగితం పెట్టామని ప్రకటించింది. చేపల కోసం, సముద్రం కోసం మారినవాళ్లు మనిషి కోసం ఎందుకు మారరు?

కాబట్టి మన అడుగుళ్లు ఇవి. కోతకూ, తొడిమలకూ వెళ్లే ప్రతి మనిషికీ గ్లౌజులు, మాస్కు, చేతులు కడుక్కోను నీళ్లు, సబ్బు యజమానే ఇవ్వాలి. కూలిలో కోయకూడదు. మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటొద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. యార్డులో, మిల్లులో అది అమలు కావాలి. మహారాష్ట్రలో 1969 మాథాడి చట్టం కింద హమాలీలకు బోర్డులున్నాయి. వ్యాపారి కూలితోపాటు లెవీ కడతాడు, దాంతో పీఎఫ్, గ్రాట్యుటీ వస్తాయి. అలాంటి రక్షణ ఇక్కడి ప్రతి హమాలీకీ అందాలి.

ఒక్కరు అడిగితే రేపట్నించి రావొద్దంటారు. వాడంతా అడిగితే కాయ చెట్టు మీదే ఎండుద్ది. ఆ సంగతి వాళ్లకు తెలుసు. మనమే గుర్తుపెట్టుకోవాలి. కోతలు మొదలవకముందే ప్రతి పల్లెలో ముఠా మేస్త్రీలను, ఆడోళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. గ్లౌజుల మాట తేలాకే చేలో దిగుదాం.