జట్టు ఊరిదట! మరి గల్లాపెట్టె ఎవరిది?

న్యూయార్క్ జనం నిక్స్‌ని 'మా జట్టు' అంటారు. ఓడితే ఏడ్చేది ఊరు, గెలిస్తే ఎగిరి గంతేసేది ఊరు. కానీ జట్టు ఊరిది కాదు. ఆడే స్టేడియమూ ఊరిది కాదు. లాభం వచ్చినప్పుడు అది కంపెనీ సొంత ఆస్తి. పన్ను కట్టమన్నప్పుడు మాత్రం ఊరి పరువు! ఈ గారడీ ఎట్లా నడిచిందో చూద్దాం.

మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే పేరు 1879 నాటిది. అప్పట్నుంచి కట్టడాలు నాలుగు మారాయి. 1925లో మూడోదాన్ని కట్టినవాళ్ళే మరుసటేడు రేంజర్స్ అనే ఐస్ హాకీ జట్టు పెట్టారు. 1946లో నిక్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు వచ్చింది. లెక్క తేలికే. హాలు ఖాళీగా ఉంటే నష్టం, జట్టు సొంతదైతే హాలు ఖాయంగా నిండుతుంది. నాలుగోదాన్ని 1968లో తెరిచారు. దానికోసం 1910 నాటి పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్ భవనాన్ని కూలగొట్టారు. స్టేషన్ భూమి కిందికి పోయింది. లక్షల మంది ప్రయాణికులకు కింద ఇరుకు, వాళ్ళ నెత్తిమీద కంపెనీ ఆట!

1977లో గల్ఫ్ అండ్ వెస్టర్న్ కంపెనీ దీన్ని మొత్తంగా కొనేసింది. నష్టాలొస్తున్నాయనీ, జట్లని న్యూజెర్సీకి తీసుకుపోతామనీ బెదిరింపు మొదలైంది. పాలకులు లొంగిపోయారు. ఆ రెండు జట్లూ అక్కడ ఆడినంతకాలం ఆ ఆస్తికి పన్ను లేదని 1982లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. ఇది పదేళ్ళ రాయితీయే అనుకున్నానని అప్పటి మేయర్ ఎడ్ కోచ్ తర్వాత చెప్పుకున్నాడు. చట్టంలో గడువన్నదే లేదు!

అదే ఊరు అంతకు ఆరేళ్ళ ముందు ఏం చేసింది? 1970లో హైస్కూలు పాసైన వాళ్ళందరికీ సిటీ యూనివర్సిటీ తలుపులు తెరిచింది. నల్లజాతి పిల్లలు, పోర్టోరికో పిల్లలు పెద్ద ఎత్తున చేరారు. వాళ్ళు గడప తొక్కి ఆరేళ్ళు తిరక్కుండానే, 1976లో, ఖజానా ఖాళీ అన్నారు. నూరేళ్ళకు పైగా నడిచిన ఉచిత చదువుకి ఫీజు పెట్టారు. పేద పిల్లల చదువుకి దొరకని డబ్బు కంపెనీకి ఎక్కణ్ణుంచి దొరికింది?

జట్లు పోతే గేటు దగ్గర నిలబడేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, తినుబండారాలు అమ్మేవాళ్ళు ఏమైపోవాలి అంటారు కొందరు. వాళ్ళ కూడు చిన్న విషయమేం కాదు. కానీ అది నాలుగేళ్ళ సాయానికి చాలే కారణం, తరతరాల మాఫీకి కాదు. అయినా అమెరికాలోకెల్లా పెద్ద నగరాన్ని, ఆ టిక్కెట్ల డబ్బునీ టీవీ డబ్బునీ వదులుకుని ఎక్కడికి పోతారు?

తర్వాత యజమానులు చాలామందే మారారు. 2020లో జట్లని ఒక కంపెనీకి, హాలుని మరో కంపెనీకి పంచారు. రెండింటి పగ్గాలూ డోలన్ కుటుంబం చేతిలోనే ఉంచుకున్నారు. మాఫీ మాత్రం చెక్కుచెదరలేదు. 2023 నాటికి అది ఏటా 4 కోట్ల డాలర్ల పైమాటే. అద్దె కొంపలో ఉండేవాడు అద్దెలో కలిపి పన్ను కడుతూనే ఉన్నాడు. ఇంత తిన్నాక వినయమైనా ఉందా? కంపెనీ మీద కేసులు నడిపే లాయర్ల ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళని, 2022లో, ముఖాలు గుర్తుపట్టే యంత్రాలతో పట్టి గుమ్మంలోనే ఆపేశారు. జనం సొమ్ము కావాలి గానీ, ప్రశ్నించే జనం లోపలికి రాకూడదు!

అయితే ఇంకో లెక్క కూడా ఉంది. అక్కడ హాలు నడుపుకోడానికి నగరం అనుమతి కావాలి. 1963లో 50 ఏళ్ళకిచ్చారు. 2013లో 10 ఏళ్ళకే ఇచ్చారు. 2023లో అయిదేళ్ళకు కుదించారు. అంటే ఊరు గట్టిగా నిలబడితే గడువు పెట్టగలదు. అనుమతికి పెట్టిన గడువు మాఫీకి ఎందుకు పెట్టరు? లెక్కలు బయట పెట్టమని ఎందుకడగరు? ఊరి పేరు వాడుకునేవాడు ఊరికి పన్ను కట్టాల్సిందే. కట్టనంటే, ఆ పేరు తీసేసి ఆడుకోమనండి!