పని లేకుండా నడిచే హక్కు

స్త్రీలు రోజూ మైళ్ల కొద్దీ నడుస్తారు. నీళ్ల బిందెతో, కట్టెల మోపుతో, చంకలో జ్వరమొచ్చిన బిడ్డతో నడుస్తారు. ఏ పనీ లేకుండా చెట్టునూ పిట్టనూ చూస్తూ ఒక గంట నడిచే స్త్రీలు మనకెందరు తెలుసు?

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా సంఘం వాళ్లం పన్నెండుమందిమి హైదరాబాదు శివార్లలో, వనస్థలిపురం దగ్గరున్న మహావీర్ హరిణ వనస్థలికి వెళ్లాం. ఒకప్పుడు అది నిజాం వేటాడిన అడవి. మహావీరుడి 2500వ నిర్వాణ సందర్భంగా 1975లో దానికా పేరు పెట్టారు. ఎండుగడ్డిలో మేస్తున్న కృష్ణజింకలు మా అలికిడికి తలెత్తి చూసి మళ్లీ మేతలో పడ్డాయి. ఇళ్లలో పాచిపని చేసే ఒక అక్క అక్కడికి కూతవేటు దూరంలో ఇరవై ఏళ్లుగా ఉంటోంది. లోపలికి రావడం మాత్రం అదే మొదలు. "ఎందుకెళ్లావని ఇంట్లో అడిగితే ఏం చెప్పాలి? ఊరికే నడవడానికంటే నమ్ముతారా?" అంది.

పండగ సెలవు ఇంటిల్లిపాదికీ వస్తుంది, వంటింటికి రాదు. అరిసెలు, చుట్టాలు, అంట్లు కలిసి పని రెట్టింపవుతుంది. మామూలు రోజుల సంగతే చూడండి. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. తేడా మూడు గంటల పైమాటే. మన తీరిక అక్కడే పోతోంది.

హింస, కూలిరేట్ల సమస్యలుండగా ఈ షికార్లేమిటని మన సంఘాల్లోనే అనేవాళ్లున్నారు. విశ్రాంతి, తీరిక మనిషి హక్కులని 1948 విశ్వమానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం చెప్పింది. మన దేశం 1993లో ఆమోదించిన స్త్రీ వివక్ష నిర్మూలన ఒప్పందం 13వ అధికరణంలో వినోదంలో సమాన హక్కు ఉంది. దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. ఎందుకు తిరుగుతున్నావో ఇంట్లో సంజాయిషీ ఇచ్చుకోమని అందులో ఎక్కడా లేదు. ఆ సంజాయిషీ అడిగే అధికారమే రేపు ఫిర్యాదు చేయడానికి బయల్దేరిన స్త్రీనీ గడపలో ఆపుతుంది.

కాబట్టి మన ఊళ్లలోని పార్కుల్లో, చెరువుగట్ల మీద స్త్రీలకు మరుగుదొడ్లు, దీపాలు, అక్కడిదాకా బస్సు కావాలని అడుగుదాం. శిక్షణ తరగతులతోపాటు మూడు నెలలకొక నడక పెట్టుకుందాం. ఆ పూట వంట, పిల్లలు మగవాళ్ల బాధ్యత.