మాట ఒకటే, అర్థాలు వేరు

నువ్వుల నుండి తీసినది నూనె. 'నువ్వు', 'నెయ్యి' అనే రెండు మాటలు కలిసి ఆ పదం ఏర్పడినది. అటువంటప్పుడు 'కొబ్బరినూనె' అనడం ఎట్లా కుదురుతుంది? ఆలోచిస్తే చిత్రంగానే ఉంటుంది. కాని ఆ మాట విని ఎవరూ నవ్వరు. నూనె అనే పదం ఏనాడో తన పుట్టుకను మరచి, అన్ని రకాల చమురులకూ పేరయినది. తమిళంలోనూ ఇదే జరిగింది. నువ్వులను తెలిపే 'ఎళ్' అనే మాట 'నెయ్' తో కలిసి 'ఎణ్ణెయ్' అయినది. అదికూడా అన్ని నూనెలకూ పేరు కావడంతో నువ్వులనూనెను వేరుగా చెప్పవలసి వచ్చింది. తమిళులు దానిని 'నల్లెణ్ణెయ్' అన్నారు. తెలుగువారు 'మంచినూనె' అన్నారు. రెండు భాషలవారూ ఒకే దారిలో నడిచారు.

ఇట్లా పదాల అర్థాలు కాలక్రమంలో మారడాన్ని భాషావేత్తలు అర్థవిపరిణామం అంటారు. నూనె వలె అర్థం విస్తరిస్తే అది అర్థవ్యాకోచం. 'చీర' అంటే పూర్వం ఎవరు కట్టే బట్ట అయినా కావచ్చును. నేడు అది స్త్రీలు కట్టేది మాత్రమే. ఇది అర్థసంకోచం. 'సభికుడు' అంటే సంస్కృతంలో జూదశాల నడిపేవాడు. నేడు సభలో కూర్చున్న పెద్దమనుషులందరూ సభికులే. ఇది అర్థసౌమ్యత. 'ఛాందసుడు' అంటే వేదం చదివిన పండితుడు. నేడు ఆ మాట అంటే ఎవరైనా నొచ్చుకుంటారు. ఇది అర్థగ్రామ్యత.

వస్తువులు మారినప్పుడు కూడా అర్థాలు మారుతాయి. 'తంతి' అంటే తీగ. తీగమీద వార్తలు పంపే పద్ధతి వచ్చిన తరువాత ఆ వార్తకే తంతి అని పేరు వచ్చింది. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రామ్ సేవ నిలిచిపోయింది. అయినా 1942లో మొదలైన 'దిన తంతి' పత్రిక పేరులో ఆ మాట ఇంకా బ్రతికి ఉన్నది. పత్రిక చేతిలోనే ఉంటుంది గాని, తంతి అందుకున్న అనుభవం నేటి పిల్లలలో ఎవరికీ లేదు.

ఈ విషయాలు ఏ వ్యాకరణ గ్రంథంలోనైనా దొరుకుతాయి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల పిల్లలకు మాత్రం వీటిని పుస్తకంలో వెదకవలసిన పనిలేదు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ కలిసే చోట మనము ఉన్నాము. 'అవసరం' అనే మాటను చూడండి. సంస్కృతంలో దానికి తగిన సమయం, సందర్భం అని అర్థం. తెలుగులో అది 'కావలసి ఉండడం' అయినది. తమిళ, కన్నడాలలో 'తొందర' అయినది. ఒకే అంగడిలో ముగ్గురు మనుషులు ఆ మాటను పలికితే ఒకరు కావాలంటున్నారు, ఇద్దరు త్వరపెడుతున్నారు! అట్లాగే తమిళ, కన్నడాలలో 'అప్ప' అంటే తండ్రి. ఉత్తరాంధ్ర ప్రాంతంలో అప్ప అంటే అక్క. తెలుగులో 'కంపు' అంటే ముక్కు మూసుకుంటాము. కన్నడంలో కంపు అంటే పరిమళం. తెలుగులోనూ ఒకప్పుడు ఆ మంచి అర్థం ఉండేది. 'కమ్మని వాసన' అనే మాటలో దాని జాడ ఇప్పటికీ ఉన్నది. తమిళంలో 'నాట్రం' అనే మాటకు కూడా ఇదే గతి పట్టినది. పూర్వం అది సువాసన, నేడు దుర్గంధం.

వీటిలో ఏ అర్థం సరియైనది? ఏది తప్పు? ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదని నా అభిప్రాయం. అవసరాన్ని తొందర అన్నవారు తప్పు చేయలేదు, కావలసి ఉండడం అన్నవారూ తప్పు చేయలేదు. ఒక సమాజమంతా ఒక మాటను ఏ అర్థంలో వాడుకుంటే ఆ సమాజంలో అదే దాని అర్థం.

ఇదే న్యాయం మన ఇంటి మాటలకు కూడా వర్తించాలి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే నిలిచినది. అక్కడి తెలుగును కార్యాలయాలు, పత్రికలు, కళాశాలలు తీర్చిదిద్దాయి. ఇక్కడి తెలుగు ఇళ్ళలో, పొలాలలో, సంతలలో పెరిగినది. అందుచేత కొన్ని మాటలు అక్కడ ఒక విధంగా, ఇక్కడ ఒక విధంగా వినిపిస్తాయి. 'కూడు' అనే మాటనే తీసుకుందాము. 'కూటి కోసం కోటి విద్యలు' అన్న సామెతలో కూడు అంటే చిన్నచూపు లేదు. పల్లెలలో పెద్దలు నేటికీ ఆ మాటను అన్నం అనే అర్థంలోనే వాడుతారు. పట్టణాలలో మాత్రం అది మోటుమాట అయినది. 'అన్నం', 'భోజనం' దాని స్థానంలోకి వచ్చాయి. తమిళంలో 'సోరు' అనే మాటను 'సాదం' వెనుకకు నెట్టినట్లే ఇదీ జరిగింది. ఇందులో కూడు అన్న రైతు చేసిన నేరమేమిటి? అతడు మాటను చెడగొట్టలేదు. పాత గౌరవంతోనే దాచిపెట్టాడు.

కాబట్టి పుస్తకంలో లేని మాట పలికిన పిల్లవానిని చూసి 'నీ తెలుగు తెలుగు కాదు' అనడం అన్యాయం. అట్లా రెండుసార్లు అనిపించుకున్న పిల్లవాడు మూడవసారి నోరు విప్పడు. 2006లో వచ్చిన చట్టం వలన మన రాష్ట్రంలోని పిల్లలందరూ ఒకటవ తరగతి నుండి తమిళం నేర్చుకుంటున్నారు. తమిళం బాగా నేర్వడం మనకు మేలే. అయితే ఇంటి తెలుగును బడి తెలుగు వెక్కిరిస్తే పిల్లవానికి తన తెలుగుమీదనే నమ్మకం పోతుంది. అది పోయిన ఇంటిలో తెలుగు మరొక తరం నిలవడం కష్టం.

అర్థాలు ఎట్లాగూ మారుతాయి గనుక ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు వ్రాయవచ్చునా అని కొందరు అడుగవచ్చును. అది కుదరదు. మాట ఇద్దరి మధ్య ఒప్పందం వంటిది. దరఖాస్తులో, పరీక్షలో, పత్రికలో దూరపువారికి కూడా తెలిసే అర్థంలోనే మాటను వాడాలి. అందుకే ఉమ్మడి తెలుగును శ్రద్ధగా నేర్చుకోవాలి. కాని క్రొత్త చొక్కా తొడుక్కోవడానికి పాతదానిని చించివేయనక్కరలేదు. ఎక్కడ ఏ మాట తగునో తెలిసినవానికి రెండూ ఆస్తియే.

విద్యార్థులారా! మీ అవ్వ, తాత పలికే మాటలలో మీ పుస్తకంలో లేనివి ఎన్నో ఉంటాయి. వాటిని ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. ప్రక్కనే వారు చెప్పిన అర్థాన్ని, పుస్తకంలో ఉన్న అర్థాన్ని, తెలిస్తే తమిళ కన్నడాలలోని అర్థాన్ని చేర్చండి. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరము' వంటి నిఘంటువు గ్రంథాలయంలో దొరికితే తెరచి చూడండి. మోటుమాట అని మీరు అనుకున్నది ఒకప్పుడు కవులు కోరి వాడిన మాట కావచ్చును. అప్పుడు ఆ మాట పలకడానికి మీరు సిగ్గుపడరు.