ఆగమం చదివిందెవరు?

శివాలయం గర్భగుడిలోకి ఫలానా కులంవాడు అర్చకుడిగా ఎందుకు వెళ్ళకూడదని అడగండి. "ఆగమాలు ఒప్పుకోవు" అంటారు. ఏ ఆగమం, ఏ శ్లోకం, ఎప్పటి ప్రతి అని అడిగితే "నీకు సంస్కృతం వచ్చా?" అని ఎదురు ప్రశ్న. ఇది రచ్చబండ కబుర్లతో ఆగిన వాదన కాదు. 1972లో శేషమ్మాళ్ కేసులో, 2015లో ఆదిశైవ శివాచార్యుల కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నియామకాలు ఆగమాల ప్రకారం జరగొచ్చు, కానీ రాజ్యాంగానికి లోబడి ఉండాలని 2015లో కోర్టు చెప్పింది. అంటే తాటాకుల్లో ఏముందన్నదాని మీద మనుషుల ఉద్యోగాలు ఆధారపడి ఉన్నాయన్నమాట!

ఆ తాటాకులు మా పుదుచ్చేరిలోనే ఉన్నాయి. 1955లో పెట్టిన ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్, దాని సోదర సంస్థ కలిసి సుమారు 11,000 శైవ ప్రతులు దాచాయి. 2005లో యునెస్కో వీటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. చాలామటుకు గ్రంథ లిపిలో ఉంటాయి. కాగితాల మీద రాయించిన నకళ్ళు ముక్తబోధ సంస్థ సాయంతో ఇంటర్నెట్లోకి వచ్చాయి.

"చెత్తని కంప్యూటర్లోకి ఎక్కిస్తే చెత్త కాకుండా పోతుందా?" అని మన హేతువాద మిత్రులే కొందరు వెక్కిరిస్తారు. నాకిది సోమరితనంగా కనిపిస్తుంది. 10వ శతాబ్దపు కాశ్మీర పండితుడు రామకంఠుడిలాంటి వ్యాఖ్యాతలు ఏయే తంత్రాల నుంచి ఉదహరించారో వెతికి, నేటి ఆగమాలతో పోల్చాలంటే ఒకప్పుడు ఏళ్ళు పట్టేది. టైపు చేసిన పాఠం ఉంటే నిమిషాల పని. నేడు గుళ్ళలో ప్రమాణంగా చూపే కామికాగమం వంటి పాఠాలు 12వ శతాబ్దానికి ముందటి వ్యాఖ్యాతలకు తెలిసినవి కావని డొమినిక్ గూడాల్ వంటి పరిశోధకుల వాదన. శివుడి నోట అనాదిగా వచ్చిందంటున్న శాసనానికి ఇలా తేదీ పడుతుంటే, నాస్తికుడికి ఇంతకన్నా ఏం కావాలి?

అయితే వెతికే పెట్టెని గుడ్డిగా నమ్మొద్దు. ఎవరో టైపు చేసిందే దొరుకుతుంది. దొరకలేదు గనక లేదనడానికి వీల్లేదు. పైగా అవతలివాళ్ళూ వెతుకుతారు. "విమానం" అని కొట్టి, వచ్చిన శ్లోకాన్ని వాట్సప్‌లో పంపి మన పూర్వీకులు ఎగిరారంటారు. ఆగమాల్లో విమానమంటే గర్భగుడి మీది కట్టడమండీ బాబూ!

మన తెలుగునేల సంగతీ చూడండి. 1261 నాటి మల్కాపురం శాసనంలో శైవాచార్యుడు విశ్వేశ్వర శంభువు, కాకతీయుల దానంతో, ప్రసూతిశాల, వైద్యశాల, బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా అందరికీ అన్నం పెట్టే సత్రం నడిపిన ఏర్పాట్లున్నాయి. అదంతా సమానత్వమని నేననను, అక్కడా ఎవరి పంక్తి వారిదే అయివుంటుంది. కానీ "శైవం ఎప్పుడూ ఇలాగే ఉంది" అన్నవాడికి చూపడానికి రాతి మీద రాత ఉంది.

ఈసారి ఎవరైనా ఆగమం పేరెత్తితే ప్రతి నంబరు, పత్రం నంబరు అడగండి. ఆ బొమ్మ తెరిచి చదవడానికి మనలో నలుగురైనా గ్రంథ లిపి నేర్చుకుంటారా?