మంచం వేస్తే ఇల్లు, తీసేస్తే కొట్టుగది

సంపాదకుల వారికి,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన ‘అడవి ఒడిలో చిన్న గూడు’ చదివిన దగ్గర్నుంచీ నాకు కడుపు మండుతోంది. ఉద్యోగాలు మానేసిన ఆ దంపతులు చెట్ల మధ్య చెక్క కేబిన్ కట్టుకున్నారు. కిటికీలోంచి నెమళ్లను చూస్తున్నారు. మట్టి కప్పుల్లో కాఫీ తాగుతున్నారు. తాగనివ్వండి, వాళ్ల మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా మూడో పేరాలోని ఒక్క వాక్యం మీద: ‘మన నేలలో మనం చిన్న గది వేసుకుంటే అడిగేదెవరు?’

అడిగేదెవరో నేను చెబుతాను. వరసగా చెబుతాను, రాసుకోండి.

నేను భిలాయి ఉక్కు కర్మాగారంలో 31 ఏళ్లు క్రేన్ నడిపి రిటైరయ్యాను. మా నాన్న 1958లో శ్రీకాకుళం నుంచి కాంక్రీటు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కేబిన్ అంటే నాకు తెలిసింది క్రేన్ కేబినే. స్టీల్ మెల్టింగ్ షాపు కప్పు కింద వేలాడుతూ, కాళ్లు బారజాపుకోవడానికి కూడా చోటులేని గది. కింద లేడిల్‌లో దాదాపు 1600 డిగ్రీల ఉక్కు మరుగుతుంటే పైన నా మంచినీళ్ల సీసా కాగిపోయేది. చల్లగా ఒక చెట్టు కింద, నేల మీద ఉండే కేబిన్ ఎప్పటికైనా కట్టుకోవాలని అందులో కూర్చునే అనుకున్నాను.

రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ధమ్‌ధా వైపు ఒక పల్లెలో 80 సెంట్లు కొన్నాను. సెంటును ఇక్కడ డిస్‌మిల్ అంటారు. పదకొండు ఇప్పచెట్లు, గట్ల మీద మోదుగలు, ఒక మూల తుమ్మలు. చైత్రంలో తెల్లారకముందే ఊరి ఆడవాళ్లు బుట్టలతో వచ్చి రాలిన ఇప్పపూలు ఏరుకుంటారు. ఆపనని కొన్న రోజే మాటిచ్చాను. వాటి మధ్య పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవున ఒక చెక్క గది, పైన రేకు, ముందు అరుగు. అంతే నా ఆశ.

ఒక కార్యాలయానికి వెళ్లాను. ఏదో రాయను. రాస్తే నా ఫైలు ఇంకా అడుక్కి పోతుంది. తెలుగువాడు కనబడితే చాలు, ఇంటిపేరుతో పనిలేకుండా ఇక్కడ ‘రావ్ సాబ్’ అనేస్తారు. అక్కడి గుమాస్తా కూడా అలాగే మొదలుపెట్టాడు.

“రావ్ సాబ్, గది దేనికి?”

“ఉండడానికి.”

“పారలు, గునపాలు పెట్టుకోవడానికి అనండి. అది వేరే సంగతి.”

“అవీ పెట్టుకుంటాను, నేనూ ఉంటాను.”

“రాత్రి పడుకుంటారా?”

“పడుకుంటాను.”

“మంచం వేస్తారా?”

“వేయకపోతే ఈ మోకాళ్లతో నేల మీద పడుకోమంటారా?”

“అయితే అది ఇల్లు. డైవర్షన్ కావాలి.”

గునపాలు పడుకుంటే కొట్టుగది, మనిషి పడుకుంటే ఇల్లు! డైవర్షన్ అంటే సాగుభూమిని ఇంటి భూమిగా మార్పించుకోవడం. 1959 నాటి భూ రెవెన్యూ కోడ్, 172వ సెక్షన్. మీ దగ్గర ‘నాలా’ అంటే అందరికీ తెలుస్తుందే, దానికి అన్న వరస. దాని వెనకాల పంచాయతీ కాగితం, ఊరు ప్లానింగ్ పరిధిలో ఉందో లేదో తేల్చే కాగితం, పట్వారీ నివేదిక, ఆ నివేదిక సరైనదేనా అని పై అధికారి తనిఖీ. ఒక తనిఖీకి వచ్చినాయన ఇప్పచెట్టు నీడలో గంటసేపు కూర్చుని “జాగా బాగుంది రావ్ సాబ్” అని మెచ్చుకుని, టేపు మరిచిపోయానని వెళ్లిపోయాడు. మొదటి ఏడాది మంచం దగ్గరే గడిచింది.

రెండో ఏడాది దారి దగ్గర ఆగింది. నా నేలకు పోయే బండిబాట పక్క ఖస్రాలోంచి, అంటే పక్క సర్వే నంబరులోంచి వెళుతుంది. పాత రికార్డులో ఆ ఖస్రా ‘ఛోటే ఝాడ్ కా జంగల్’. అంటే చిన్న చెట్ల అడవి. అక్కడ చెట్టు కాదు కదా, పొద కూడా లేదు. కుర్రాళ్లు క్రికెట్ ఆడుతుంటారు. వికెట్లకు కర్రలు నా గట్టు మీదనుంచే విరుచుకుపోతారు! అది అడవి కనక బాట వెడల్పు చేసి కంకర పోయాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం అడ్డొస్తుందట. పదకొండు ఇప్పచెట్లున్న నా నేల మాత్రం కాగితం మీద సాగుభూమి.

ఇది గుమాస్తా పుట్టించిన మాట కూడా కాదు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు రెండూ చెప్పింది: నిఘంటువు అర్థంలో అడవి అయినదీ అడవే, ఎవరి సొంతమైనా సరే సర్కారు రికార్డులో అడవి అని ఉన్నదీ అడవే. పొరుగున విదర్భలో ‘జుడ్పీ జంగిల్’ (పొదల అడవి) అని రాసిన భూములనూ అడవిగానే చూడాలని 2025 మేలో మళ్లీ తేల్చింది. చట్టాన్ని నేను తిట్టడం లేదు. అది లేకపోతే ఈ పాటికి మోదుగపువ్వు బొమ్మల్లోనే మిగిలేది. రేపెవరైనా నిఘంటువు పట్టుకుని నా ఇప్పచెట్ల కిందికి వస్తే ఏం చెప్పాలన్నదే నా బెంగ.

ఇదంతా మీకు కొత్తా? 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలి గురించి మీరే పేజీలకు పేజీలు రాశారు. 400 ఎకరాలు. అక్కడ చెట్లున్నాయి, జింకలున్నాయి, నెమళ్లున్నాయి. రికార్డులో అడవి అని లేదన్నది తెలంగాణ సర్కారు. నరుకుడు ఆపమన్నది సుప్రీంకోర్టు. చెట్టు గొప్పదా, కాగితం గొప్పదా అని రాష్ట్రమంతా వాదించుకున్న పత్రికలోనే ‘అడిగేదెవరు’ అని ఎలా అచ్చయింది?

ఇంకో మాట. అడవిలో ఉండడం మీ వ్యాసంలో వారాంతపు ముచ్చటలా ఉంది. మావోయిస్టులకు ఎదురుగా 2005లో మొదలైన సల్వాజుడుం గొడవల్లో మా రాష్ట్రం దక్షిణపు కొసనుంచి పారిపోయి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లో తలదాచుకున్న గుత్తికోయ ఆదివాసీల గుడిసెలు కూల్చేసిన వార్తలు మీరే వేశారు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13ను గీతగా పెట్టింది. అప్పటికే అడవిలో ఉన్న గిరిజనులకు హక్కు, గిరిజనులు కానివారైతే అంతకుముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు ఉన్నట్టు చూపాలి. నన్నడిగితే ఆ 75 ఏళ్లు ఎక్కడినుంచి తెచ్చేది? భిలాయిలో మొదటి కొలిమి వెలిగిందే 1959 ఫిబ్రవరిలో! పెంకుటిల్లూ లేని గుత్తికోయను అడుగుతారు. పింఛను కూడా లేని నన్ను అడుగుతారు. మీ కేబిన్ దంపతులను ఎవరూ అడగకపోతే, ఎందుకు అడగలేదో మీ విలేకరి అడగాల్సింది. ఏ కాగితం చూపించారు, దానికి ఎన్నాళ్లు పట్టింది? కాఫీ రంగు మీద రెండు పేరాలున్నాయి, దీని మీద ఒక్క ముక్క లేదు.

కోపంలో ఉన్నాను కనక ఇదీ చెప్పేస్తాను. ఆ వ్యాసం పక్కనే ఉన్న ప్రవాసాంధ్రుల కాలమ్‌లో ‘భిల్లై (మధ్యప్రదేశ్)’ అని వేశారు. అయ్యా, ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ఏర్పడింది. అప్పుడు పుట్టిన పిల్లలకు పెళ్లిళ్లు అవుతున్నాయి. దుర్గ్ నుంచి విశాఖకు వందేభారత్ కూడా 2024లో వేశారు, ఎక్కితే ఆ రోజే దిగుతారు. మేమింకా మీకు మధ్యప్రదేశ్‌లోనే ఉన్నామా? ‘భిల్లై’ ఏమిటి, ఏదో జ్వరం పేరులా! ఉత్తరం రాసిన ప్రతిసారీ ‘సవరించుకుంటాం’ అంటారు. మీ కార్యాలయంలో కూడా పట్వారీ ఎవరైనా ఉన్నారేమో.

సరే, అసలు సంగతికొస్తాను. ఆ వ్యాసం చదివి మా సెక్టార్‌లోనే ఇద్దరు రిటైరైనవాళ్లు చెట్లున్న జాగా కోసం బేరాలు మొదలుపెట్టారు. ఒకాయన బయానా కూడా ఇవ్వబోయాడు. ఖాతా కాగితం బి-1 చూశావా, ఖస్రా చూశావా, దారి ఎవరి పేర ఉందో చూశావా, అమ్మేవాడు ఆదివాసీ అయితే కలెక్టరు అనుమతి ఉందా అని నేను అడ్డుపడ్డాను. “పేపర్లో రాశారు కదా, ఎవరూ అడగరని” అన్నాడు. ఆ మాటకే ఈ ఉత్తరం. పాఠకులు మీ మాట నమ్ముతారు. మా ఆవిడ మాట కూడా అంతగా నమ్మరు.

నా గది ఇంకా లేవలేదు. ఇప్పచెట్టు కింద నులకమంచం వేసుకుని మధ్యాహ్నాలు పడుకుంటున్నాను. గోడలు లేని మంచానికి డైవర్షన్ అక్కర్లేదట, కనుక్కున్నాను. వానొస్తే మంచం ఎత్తుకుని ఇంటికొస్తాను.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో, ముందు ఏ కాగితాలు చూసుకోవాలో ఒక చిన్న పెట్టె కట్టి వేయండి. ఈ ఉత్తరం కూడా వేస్తే కింద ఊరి పేరు సరిగా వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డు క్రేన్ ఆపరేటర్,
భిలాయి, దుర్గ్ జిల్లా, ఛత్తీస్‌గఢ్.