కొలబద్ద దాచిపెట్టి న్యాయం చెప్తారా?

మన జిల్లాలో రైతు వానను నమ్మి విత్తుతాడు, బోరును నమ్మి బతుకుతాడు. నల్లమాడ నుంచి హిందూపురం దాకా, పెనుకొండ నుంచి ధర్మవరం దాకా టమోటా అయినా, చీనీ తోట అయినా, మల్బరీ అయినా డ్రిప్పు పైపు మీదే నిలబడింది. 2003లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకం మొదలైంది. సబ్సిడీ కింద వచ్చే సామానుకు ఐఎస్ఐ గుర్తు ఉండాలన్నది నిబంధన. ఆ నిబంధనతో మనకు పేచీ లేదు. నాసిరకం పైపు కొని నష్టపోయేది మనమే కాబట్టి నాణ్యత ఉండాలని అందరికన్నా గట్టిగా అడిగేది కూడా మనమే. మా పేచీ ఇంకొకటి: ఆ నాణ్యత అంటే ఏమిటో కొన్నవాడికి చెప్పాలా, వద్దా?

ఐఎస్ఐ గుర్తును చూడండి. పైన ఒక నంబరు, కింద సీఎం/ఎల్ అని మరో నంబరు ఉంటాయి. కింది నంబరు తయారీదారు లైసెన్సుది. పైది ప్రమాణానిది. డ్రిప్పు లేటరల్ పైపుకు ఐఎస్ 12786, లోపలే డ్రిప్పర్లు ఉండే ఇన్‌లైన్ పైపుకు ఐఎస్ 13488, సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టుకు ఐఎస్ 8034. పైపు గోడ ఎంత మందం ఉండాలి, ఎండకు పగలకుండా అందులో కార్బన్ బ్లాక్ ఎంత కలపాలి, ఏ పరీక్షకు ఎంతసేపు తట్టుకోవాలి అన్నదంతా ఆ నంబరు వెనక ఉన్న పుస్తకంలో ఉంటుంది. రెండు పంటలు తిరక్కముందే పైపు చిట్లిందని అంగడికి పోతే, ‘ఐఎస్ఐ మాలే కదన్నా ఇచ్చింది’ అంటాడు వ్యాపారి. పుస్తకం మన చేతిలో ఉంటే, గేజీ పెట్టి కొలిచి చూపిస్తాం. లేకుంటే నోరు మూసుకుని ఇంటికొస్తాం.

ఆ కొలతలను పట్టికగా రాసి ఈ పత్రికలో వేస్తే ఎంత బాగుండును! కానీ చట్టం ఏమంటున్నదో వినండి. భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్‌కు సంబంధించిన 2016 చట్టం ప్రకారం ప్రమాణాల కాపీరైట్ ఆ సంస్థదే. అనుమతి లేకుండా ప్రమాణాన్ని గానీ, అందులో భాగాన్ని గానీ ప్రచురించకూడదని 11వ సెక్షన్ చెబుతున్నది. సొంత వాడకానికి ఒక ప్రతి తీసుకోవచ్చునట. ఊరందరికీ పంచిపెడితే మాత్రం నేరం. దానికి అదే చట్టం ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా రాసిపెట్టింది. నాసి పైపు అమ్మినవాడిని పట్టుకోవడానికి తీసుకొచ్చిన చట్టం, ఆ పైపు ఎలా ఉండాలో చెప్పినవాడి మెడకు చుట్టుకుంటున్నది!

‘ప్రమాణాలు ఇప్పుడు ఉచితమే కదా’ అని అధికారులు అంటారు. నిజమే, దేశంలో తయారైన ప్రమాణాలను పేరు నమోదు చేసుకున్నవారు డబ్బు కట్టకుండా దించుకోవచ్చు. ఈ మార్పును మేము స్వాగతిస్తున్నాం. అయితే అది ఊరికే రాలేదు. కార్ల్ మలముద్ అనే అమెరికా పౌరుడు మన దేశ ప్రమాణాలను వేలల్లో డబ్బు పెట్టి కొని, అందరూ చదువుకునేలా ఇంటర్నెట్లో పెట్టాడు. బీఐఎస్ అభ్యంతరం చెప్పింది. 2015 డిసెంబరులో ఆయన, ఇండియన్ కానూన్ స్థాపకుడు సుశాంత్ సిన్హా, హైదరాబాద్‌కు చెందిన శ్రీనివాస్ కొడాలి కలిసి ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఒక్కటే అప్పట్లో దాదాపు 14 వేల రూపాయలు పలికేది. కప్పు కూలి మనుషులు చచ్చిపోకుండా చూసే పుస్తకానికి ఆ ధర!

ధర తీసేసినంత మాత్రాన తాళం తీసినట్టు కాదు. ఈ రోజు ఉచితంగా ఇచ్చినవాడు రేపు మళ్లీ ధర పెట్టవచ్చు. విదేశీ సంస్థలైన ఐఎస్ఓ, ఐఈసీల నుంచి యథాతథంగా తీసుకున్న ప్రమాణాలకు ఆ ఉచితం వర్తించదు. దించుకున్నదాన్ని తెలుగు చేసి గ్రామ సచివాలయం గోడకు అంటించే హక్కూ మనకు లేదు. ఇచ్చేది దయగా ఇస్తున్నారు. మనం అడుగుతున్నది హక్కు.

ఇలా కాకుండా వేరేగా నడపలేరా అంటే, నడుపుతూనే ఉన్నారు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వును చూడండి. యూరియాలో నత్రజని 46 శాతం ఉండాలని ఆ ఉత్తర్వులోనే, గెజిట్‌లోనే అచ్చయి ఉంది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం గెజిట్‌లో వచ్చినదాన్ని ఎవరైనా తిరిగి అచ్చు వేసుకోవచ్చు. అందుకే ఎరువు బస్తా మీద మాట్లాడే రైతుకు నోరుంది. అదే వైర్లు, కేబుళ్ల సంగతికి వస్తే, 2003 నుంచి ఐఎస్ఐ గుర్తు లేకుండా అమ్మకూడదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆ గెజిట్‌లో ఉన్నది ప్రమాణం నంబరే, ప్రమాణం కాదు. శిక్ష గెజిట్‌లో, కొలత బీఐఎస్ బీరువాలో. ఇదెక్కడి పద్ధతి?

ప్రజలకు తెలియని చట్టం చట్టమే కాదన్నది మన సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చిన మాట. జైపూర్ సంస్థానం నల్లమందు చట్టం చేసి ప్రజలకు ప్రకటించలేదు. దాని కింద శిక్ష పడిన హర్లా అనే మనిషి కేసులో 1951లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. చట్టం తెలియదంటే ఒప్పుకోరు గదా, మరి తెలిసేలా చెయ్యాల్సిన బాధ్యత ఎవరిది?

బయటి దేశాల్లోనూ గాలి ఇటే మళ్లింది. చట్టంలో చేరిన ప్రమాణాలను లాభాపేక్ష లేకుండా ప్రజలకు అందించడం తప్పు కాదని 2023 సెప్టెంబరులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు, మలముద్ సంస్థ మీద అమెరికా ప్రమాణాల సంస్థలు వేసిన కేసులోనే చెప్పింది. పిల్లల బొమ్మల భద్రతా ప్రమాణాలను ప్రజలు చూడనివ్వాల్సిందేనని 2024 మార్చి 5న ఐరోపా న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆ కోర్టులు కాపీరైట్‌ను మొత్తంగా రద్దు చెయ్యలేదు. చట్టమై కూర్చున్న మాటను మాత్రం దాచడానికి వీల్లేదన్నాయి.

‘ప్రమాణం తయారీకి ఖర్చవుతుంది, ఎవరు పెట్టుకోవాలి?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మేమే పెట్టుకుంటున్నాం! బీఐఎస్ రాబడిలో అధిక భాగం లైసెన్సు, మార్కింగ్ ఫీజుల నుంచే వస్తుంది. ఆ ఫీజును కంపెనీ తన జేబులోంచి కట్టదు, పైపు ధరలో కలుపుతుంది. సబ్సిడీ సొమ్మూ ప్రజలదే. ఒకసారి డబ్బు కట్టినవాడికి సరుకు చూపించనంటే ఎలా?

‘రైతులు ఇవన్నీ చదువుతారా?’ అని వెటకారం చేసేవాళ్లూ ఉన్నారు. అడంగల్ చదవడం నేర్చుకున్నాం, బీమా కాగితాలు చదవడం నేర్చుకున్నాం. చదవలేనివాడికి సంఘం చదివి చెబుతుంది. ఆ మాటకొస్తే, వ్యాపారి కూడా చదవలేదు. వాడికి చదవాల్సిన అవసరం రాలేదు, మనకు వచ్చింది.

కనుక మేము డిమాండ్ చేస్తున్నాం:

ఏ ప్రమాణాన్ని చట్టంగానో, సబ్సిడీ షరతుగానో పెడితే ఆ ప్రమాణం పూర్తి పాఠాన్ని గెజిట్‌లో ప్రచురించాలి. విదేశీ ప్రమాణమైనా సరే, దాని హక్కు కొనుక్కోవాల్సింది ప్రభుత్వం.

2016 చట్టంలోని 11వ సెక్షన్‌ను సవరించి, లాభాపేక్ష లేని ప్రచురణను, అనువాదాన్ని అనుమతించాలి.

డ్రిప్పు, స్ప్రింక్లర్, పైపులు, మోటార్లు, కేబుళ్ల ప్రమాణాల సారాన్ని తెలుగులో ప్రతి రైతు సేవా కేంద్రంలో ఉంచాలి. వాటిని తయారుచేసే కమిటీల్లో రైతు ప్రతినిధులకు చోటివ్వాలి.

అంతదాకా చేతిలో ఉన్న పని చేద్దాం. సామాను దించేటప్పుడే గుర్తు ఉన్న చోట ఫొటో తీసుకోండి. సీఎం/ఎల్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, లైసెన్సు ఆ కంపెనీదేనా, ఆ సరుకుకేనా చూడండి. బిల్లు లేకుండా పైసా ఇవ్వకండి. గుర్తు ఉండి కూడా సరుకు ప్రమాణానికి తగ్గట్టు లేకపోతే నష్టపరిహారం అడిగే హక్కు అదే 2016 చట్టంలో ఉంది. పైపు ముక్క, బిల్లు, ఫొటో పట్టుకుని సంఘం దగ్గరికి రండి. ఒక్కరు అడిగితే గొణుగుడు అంటారు, పదిమంది కలిసి అడిగితే కాగితం కదులుతుంది.